తొమ్మిదో నెల వచ్చేదాకా

ఈ ఉదయం మా ఫ్యాక్టరీ మెడికల్ గది బయట ఉన్నవాళ్ళం తొమ్మిదిమందిమి. క్రేన్ నడిపేవాళ్ళు నలుగురు, ఎత్తు మీద పనిచేసే కాంట్రాక్టు రిగ్గర్లు ముగ్గురు, పేర్లు పిలిచే అటెండరు ఒకడు, గేజీలు సరిచూసే విభాగం నుంచి నేను. ఉన్న వస్తువులు: గోడకు ఆనించిన పొడుగాటి చెక్క బెంచీ, దాని నెత్తిన ఫ్యాను, మూలన మంచినీళ్ళ డ్రమ్ము, తలుపు సందులోంచి కనిపిస్తున్న కొత్త డిజిటల్ బీపీ మిషను, నా కుడిపక్క కూర్చున్న పెద్దాయన జేబులో బీపీ దిగుతుందని తెచ్చుకున్న ఒక నిమ్మకాయ. లేనిది మాట. అంతమంది మగవాళ్ళు ఒకచోట చేరి, అంత నిశ్శబ్దంగా కూర్చునే చోటు మా జంషెడ్‌పూర్‌లో ఇంకొకటి లేదనుకుంటాను.

ఏడాదికోసారి జరిగే ఈ పరీక్షలో కళ్ళు, చెవులు, చక్కెర అన్నీ చూస్తారు గానీ బెంచీ మీది వాళ్ళ భయమంతా ఒక్కదాని గురించే. బీపీ నూట నలభై, తొంభై గీత దాటితే ఎత్తు మీద పనికిచ్చే హైట్ పాస్ ఆగిపోతుంది. అది లేనివాడు క్రేన్ ఎక్కడానికి లేదు, కింద నిలబడి గొలుసులు తగిలించే పనికి దిగాల్సిందే. అందుకని లోపలికి వెళ్ళేముందు ఇరవై నిమిషాలు వీపు గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటారు. మాటకు బీపీ పెరుగుతుంది. ఇది ఎవరూ ఎక్కడా రాసిపెట్టని నియమం, మా నాన్న కాలం నుంచీ ఉంది.

ఆ నియమాన్ని ఈ ఉదయం ముందుగా తప్పింది నా ఎడమపక్క రిగ్గరు. భాలుబాసా పేటలో ఉండే తెలుగు కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు. నా మీదుగా వంగి పెద్దాయనను గుసగుసగా అడిగాడు.

"మావా, ఇలాగ బీపీ దింపడం ఆడోళ్ళకి కూడా పనిచేత్తాదా? మా ఇంటిది కడుపుతో ఉంది. నిన్న నూట యాభై వచ్చినాది. ఎల్లుండి మళ్ళీ రమ్మన్నారు, తగ్గకపోతే ఆసుపత్రిలో ఉంచీమంటన్నారు."

పెద్దాయన కళ్ళు తెరవలేదు. "ఎందుకు సెయ్యదు? రెండ్రోజులు ఉప్పు మానీమను. పొద్దున టీ ఇవ్వకు. ఎల్లగానే సూపించకు, ఫ్యాను కింద కూసోబెట్టు."

పదకొండేళ్ళ కిందట ఆ మాటలే, ఆ వరసలోనే, మా వంటింట్లో విన్నాను.

నా ఈడువాళ్ళలో గోల్‌మురి క్వార్టర్లలో పెరిగినవాళ్ళకు ఆ ఇళ్ళు గుర్తుండే ఉంటాయి. రెండు గదులు, వెనక చిన్న పెరడు, గోడ అవతలి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఇవతలి వాళ్ళకు ముందే తెలిసిపోవడం, షిఫ్టు మారే వేళ సైరన్ మోగగానే రోడ్డు నిండా సైకిళ్ళు, తరవాత తరవాత స్కూటర్లు, పలాస వైపు నుంచి ఎవరు రైల్లో దిగినా వాళ్ళ సంచిలో మాకోసం ఎండుచేపలూ చింతపండూ ఉండడం, అమ్మ తెలుగులో అడిగినదానికి అక్కా నేనూ హిందీలో జవాబిచ్చి తిట్లు తినడం. నాన్న క్రేన్ ఆపరేటరు. టన్నుల బరువుండే రేకు చుట్టను ఎత్తి షెడ్డులో పక్క బేలో దించుతున్నప్పుడు అది నేలకు తాకిన చప్పుడు వినబడిందంటే ఆ రోజు అన్నం సరిగా తినేవాడు కాదు. పక్క క్వార్టర్లో పెద్దనాన్న ఉండేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఒకే ఊరివాళ్ళు, ఒకే షెడ్డులో పక్కపక్క క్రేన్లు.

మెడికల్ వారం వచ్చిందంటే మా ఇల్లు మారిపోయేది. కూరల్లో ఉప్పు ఉండేది కాదు, ఊరగాయ జాడీ అటక ఎక్కేది, టీవీ గొంతు తగ్గేది, ఆ వారం రోజులూ నాన్నకు కోపం తెప్పించడం ఇంట్లో నేరం. దీన్ని మా అక్క బాగా కనిపెట్టింది. తక్కువొచ్చిన మార్కుల కాగితాలన్నీ దాచిపెట్టి ఆ వారమే సంతకానికి తెచ్చేది, పిక్నిక్కులకు అనుమతి ఆ వారమే అడిగేది, నాన్న పళ్ళు బిగబట్టి "సరే" అనేవాడు. పరీక్ష రోజున సైకిలు గుమ్మం ముందు ఆగీ ఆగకముందే "పాసైపోనాను" అని కేకేసేవాడు. ఆ రాత్రి అమ్మ ఎండుచేపల పులుసు పెట్టేది. వారం తరవాత నాలుకకు తగిలిన ఆ ఉప్పు రుచి ఇప్పటికీ నాకు తెలుసు.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అగ్రికోలో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. టాటానగర్ స్టేషన్‌లో రైలింజను మీద అసిస్టెంటుగా ఉన్న బావతో పెళ్ళయింది. బావా మావైపు వాడే, శ్రీకాకుళం జిల్లా. రైల్వేలో ఇంజను ఎక్కేవాళ్ళకూ ఇలాంటి పరీక్షే ఉంటుందట, అక్కడా ఇలాంటి బెంచీయే ఉంటుందట. పెళ్ళయిన కొత్తలో ఒకరి ముందు ఒకరు బిగుసుకుని కూర్చునే మామా అల్లుళ్ళు మొదటిసారి నవ్వుకుంటూ మాట్లాడుకున్నది బీపీ దించుకునే ఉపాయాల గురించే.

ఏడో నెలలో అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. రైల్వే క్వార్టర్ల నుంచి మా ఇంటికి ఆటోలో అరగంట దూరం కూడా లేదు, అయినా అమ్మ పసుపూ కుంకుమా పెట్టి, వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకుంటున్నట్టే తెచ్చుకుంది. ఎనిమిదో నెల మొదలయ్యేసరికి అక్క పాదాలు పొంగాయి. తన చెప్పులు పట్టక నాన్న రబ్బరు చెప్పులు వేసుకుని పెరట్లో టపటపా తిరుగుతుంటే అందరం నవ్వేవాళ్ళం. ఉంగరం వేలికి బిగుసుకుపోతే అమ్మ సబ్బు రాసి తీసింది. "నీరు దిగినాది, అందరికీ దిగుద్ది," అంది.

చూపించుకునేది ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో. ఆ నెల అక్కడ వచ్చిన బీపీ అంకె నూట యాభై నాలుగు, వంద. డాక్టరమ్మ కంగారు పెట్టలేదు గానీ స్పష్టంగానే చెప్పింది. మూత్రం పరీక్ష చేయించండి, మూడు రోజుల్లో మళ్ళీ రండి, ఇలాగే ఉంటే పెద్దాసుపత్రిలో చేర్చి కళ్ళముందు ఉంచుకోవాలి, ఇంకా పెరిగితే నెలలు చూడకుండా బిడ్డను తీసెయ్యాలి. నాలుగు మాటలు చెబితే మా అమ్మకు వినబడింది నాలుగోదే.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, తొమ్మిదో నెలలో పుట్టినా బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే బతకదు అని మావాళ్ళు గట్టిగా నమ్ముతారు. అమ్మకు అది విన్న మాట కాదు. అక్కకంటే ముందు ఆమెకు ఒక మగబిడ్డ ఎనిమిదో నెలలో పుట్టాడు. రెండు పూటలు ఉన్నాడు. అమ్మ ఆ బిడ్డ సంగతి మాతో ఎన్నడూ మాట్లాడలేదు, ఆ సాయంత్రం మాత్రం వంటింట్లో కూలబడి, ఎవరి మొహమూ చూడకుండా, "ఎనిమిదిలో తియ్యనివ్వను. నన్ను సంపి తియ్యండి," అంది.

వంటింట్లో నాన్న, బావ, పెద్దనాన్న, అమ్మ, అక్క, నేను. అంతమందిమి పట్టక పెద్దనాన్న పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"డాట్టరమ్మ ఏటన్నాది? అంకె దిగితే ఇంటికాడే ఉంచుకోమన్నాది. దింపుదాం," అన్నాడు నాన్న.

"మనకేటి కొత్తా?" అన్నాడు పెద్దనాన్న. "ముప్పయ్యేళ్ళబట్టి దింపుతున్నాం. ఈ గుంటది ఏపాటి?"

అక్క నవ్వింది. "నేనేం క్రేన్ ఎక్కాలా పెద్దనాన్నా?"

"నువ్వు తొమ్మిదో నెల ఎక్కాల. అదే నీ హైట్ పాసు."

అందరం నవ్వాం, అమ్మ కూడా కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. ఇంట్లో బరువు దిగిపోయింది. తొమ్మిదో నెల రావడానికి ఇంకా మూడు వారాలకు పైనే ఉంది. ఆ మూడు వారాలు గడపాలి, అంతే.

నాన్న తన విద్యంతా అక్కకు పెట్టాడు. ఉప్పు బంద్. పొద్దున టీ బంద్. ఆటో గతుకుల్లో ఊగకుండా పెద్ద రోడ్డు మీదుగా పోవాలి, గంట ముందే చేరుకోవాలి, చేరగానే ఒంటికి వెళ్ళి రావాలి, నిండుగా ఉంటే అంకె పెరుగుతుంది. ఫ్యాను కింద ఎడమవైపు ఒరిగి కూర్చోవాలి. వరస దగ్గరికొచ్చినప్పుడు గుండె దడగా ఉంటే వెనకవాళ్ళను ముందు పంపెయ్యాలి. వీటన్నిటికంటే ముందు, తెల్లవారగానే, బీపీకి నాన్న వేసుకునే మాత్రలో పావు ముక్క. ఇరవై నిమిషాలు అయ్యాయా అని వాచీ చూడడం నా పని. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను, ఇంట్లో కొలతలంటే నన్నే పిలిచేవారు.

నూట ఇరవై ఎనిమిది, ఎనభై నాలుగు వచ్చింది. అక్క తలుపు తీసుకుని బయటికొస్తూనే బొటనవేలు పైకెత్తి, "పాస్ హో గయీ నాన్నా," అంది. నాన్న ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. క్రేన్ మీద ఒక్క చప్పుడూ లేకుండా చుట్ట దించిన రోజున ఉండే మొహం అది. ఆ రాత్రి ఎండుచేపల పులుసు. మూత్రం పరీక్షకు రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ తలుపు మీద మామిడిపండు బొమ్మ అయస్కాంతం కింద ఉండిపోయింది. బీపీ దిగాక ఇంకా అదెందుకనుకున్నాం.

వారం తరవాత ఇంకోసారి అలాగే తీసుకెళ్ళాం. నూట ఇరవై ఆరు. మళ్ళీ పాస్.

క్రేన్ నడిపేవాడి బీపీ ఏళ్ళ తరబడి ఓపిక పడుతుంది. ఇవాళ దించి మోసపుచ్చితే పదేళ్ళ తరవాత వచ్చి అడుగుతుంది. కడుపుతో ఉన్న మనిషిది అలా ఓపిక పట్టదు. పైకి అంకె దిగి కనిపిస్తున్నా లోపల మూత్రపిండాల్లో, కాలేయంలో, మెదడులో తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, దానికి రోజులు చాలు. ఈ తేడా మా బెంచీకి తెలియదు. బెంచీకి తెలిసింది మా ఇంటికి తెలుసు, అంతకు మించి ఎవరికీ తెలియదు.

మూడో వారంలో అక్కకు తలనొప్పి పట్టుకుంది. అమ్మ నుదుటికి మందు రాసి గుడ్డ కట్టింది. పక్కటెముకల కింద నొప్పి అంటే పెద్దనాన్న గ్యాస్ అని వాము పంపాడు. ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని కళ్ళు నులుముకుంటూ, "నాన్నా, వెల్డింగ్ చూసినట్టుంది, కళ్ళ ముందు రవ్వలు రవ్వలుగా," అంది. షెడ్డులో అద్దం లేకుండా వెల్డింగ్ చూసినవాళ్ళ కళ్ళ సంగతి నాన్నకు తెలుసు. ఆయన ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని రెండు కళ్ళ రెప్పలూ ఎత్తి చూశాడు.

"శుక్రవారం సూపిత్తాం గదేటమ్మా. ఆదివారంతో తొమ్మిది పడిపోద్ది. ఆనక ఆళ్ళు ఏటి సేసుకున్నా పర్లేదు."

గురువారం నాన్న ఉదయం షిఫ్టు. అక్క మంచం మీద కూర్చుని నాన్న పాత లుంగీని పొత్తిగుడ్డలుగా చింపుతోంది. మెత్తగా అరిగిన బట్టయితేనే పసిబిడ్డ ఒంటికి మంచిదని అమ్మ చెప్పింది. గుడ్డ చిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. నేను పక్క గదిలోంచి వచ్చేసరికి అక్క వెల్లకిలా పడి ఉంది, పళ్ళు బిగుసుకున్నాయి, చేతులూ కాళ్ళూ మంచం అదిరేలా కొట్టుకుంటున్నాయి. అమ్మ బీరువా తాళాల గుత్తి తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూస్తోంది. మూర్ఛకు ఇనుము పట్టుకుంటే తగ్గుతుందంటారు. ఇనుముతో కట్టిన ఊళ్ళో ఉంటున్నాం మేము.

పెద్దనాన్న రాత్రి షిఫ్టు చేసి పడుకుని ఉన్నాడు. లేపి, ఆటో తెచ్చి, ఇద్దరం మోసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అగ్రికో దగ్గర సిగ్నల్లో మూర్ఛ ఇంకోసారి వచ్చింది. తాళాల గుత్తి దారిలో ఎక్కడో జారిపోయింది. ఆసుపత్రిలో కట్టిన పట్టీ రెండు వందల పది, నూట ముప్పై చూపించింది.

క్రేన్ క్యాబిన్‌లోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. కబురు అందేసరికి ఆలస్యమైంది. నాన్న నెత్తిన హెల్మెట్టు, కాళ్ళకు ఇనపముక్కు బూట్లు, అలాగే పరుగెత్తుకుంటూ వచ్చాడు. అప్పటికి స్టేషన్ నుంచి బావ కూడా వచ్చాడు. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడు, అక్క ఈడువాడే, పాత కార్డు అడిగి చూసి, తలెత్తి హిందీలో అడిగాడు. మొదట ఒక్కసారి ఎక్కువ, ఆ తరవాత రెండుసార్లూ మామూలుగానే ఉంది కదా, మరి ఇంతలో ఇలా ఎలా పెరిగింది, ఇంట్లో ఏమైనా మందు వాడారా? అతని గొంతులో తప్పుపట్టడం లేదు, అర్థంకాక అడుగుతున్నాడు. బావ నాన్న వైపు చూశాడు. పెద్దనాన్న నేల చూశాడు. నాన్న హెల్మెట్టు తీసి పొట్టకు ఆనించుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. డాక్టరు కార్డు బావకిచ్చి లోపలికి పరుగెత్తాడు.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. సన్నగా ఏడ్చింది. అద్దాల పెట్టెలో పెట్టారు. అక్క కళ్ళు తెరవలేదు. తలలో నరం చిట్లిందన్నారు. మర్నాడు, చూపించడానికి తీసుకెళ్ళాల్సిన శుక్రవారం నాడు, మధ్యాహ్నం పోయింది.

ఎనిమిదో నెలలో పుట్టిన ఆ బిడ్డ బతికింది. నెలన్నర ఆసుపత్రిలో ఉండి, బావ వాళ్ళమ్మ చేతుల్లో ఇంటికెళ్ళింది. ఇప్పుడు ఐదో తరగతి. బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, చేసుకోమని అమ్మే చెప్పింది. ఎప్పుడైనా ఆదివారం పిల్లను తీసుకొస్తాడు. అమ్మ తెలుగులో పలకరిస్తుంది, అది హిందీలో జవాబు చెబుతుంది, అమ్మ తిట్టదు. మా వీధిలో ఎవరికైనా ఎన్నో నెల అన్న మాట వస్తే అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. నాన్న ఆ పిల్లకు ఎప్పుడూ ఏదో ఒకటి కొనిపెడతాడు గానీ ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం నేను చూడలేదు.

ఆ ఏడు మెడికల్ వారం వచ్చింది. అమ్మ ఊరగాయ జాడీ అటక మీద పెట్టబోతే నాన్న చేత్తో ఆపాడు. పరీక్ష రోజున టీ తాగాడు, ఊరగాయతో అన్నం తిన్నాడు, సైకిలు గట్టిగా తొక్కుకుంటూ వెళ్ళి, ఆ బెంచీ మీద కూర్చోకుండా నేరుగా తలుపు దగ్గర నిలబడ్డాడట. పట్టీ కట్టిన నర్సు అంకె చూసి, కాసేపు కూర్చోండి, మళ్ళీ చూస్తానంది. నాన్న వద్దన్నాడు. "జో హై వహీ లిఖ్ దీజియే," అన్నాడు. ఉన్నదే రాయండి. ఇదంతా ఆ రోజు వెనక వరసలో ఉన్న పెద్దనాన్న చెప్పాడు. చెప్పి, "పిచ్చెక్కిందేటి మీ నాన్నకి? ఇప్పుడు ఆ గుంట తిరిగొత్తాదేటి?" అని మా గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాడు. నాన్న మిగిలిన సర్వీసంతా నేల మీద నిలబడి, ఇంకొకడు నడిపే క్రేన్‌కు గొలుసులు తగిలించాడు.

నేను చేసే పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ గేజీ మా బల్ల మీదికి వచ్చినా, దాన్ని ముట్టుకునే ముందు అది చూపిస్తున్న అంకె రాయాలి. సర్దిన తరవాతి అంకెకు వేరే గడి. మొదటి గడి ఖాళీగా ఉంటే రెండో గడికి విలువ లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మా ఇంజనీరు ఇది చెబుతుంటే నాకు అక్క కార్డు గుర్తొచ్చింది.

మారినవి చాలానే ఉన్నాయి. మా క్వార్టర్లు పడగొట్టి ఎత్తైన ఫ్లాట్లు కట్టారు, ఇప్పుడు పక్కింటి పొయ్యి మీద ఏముందో తెలియదు. సైకిళ్ళు పోయాయి. రబ్బరు బుడ్డి పిసికే బీపీ మిషను పోయి, మీట నొక్కితే తనంతట తనే మూడుసార్లు చూసి కాగితం ఇచ్చే మిషను వచ్చింది. బెంచీ మాత్రం అదే.

ఈ ఉదయం నేను ఆ బెంచీ మీద మాట్లాడాను. ఇక్కడ రాసినదంతా, ఇంతకంటే తక్కువ మాటల్లో, ఆ రిగ్గరు కుర్రాడికి చెప్పాను. ఎల్లుండి దాకా ఆగొద్దని, అంకె దింపొద్దని, ఇవాళే తీసుకెళ్ళి చేర్చమని చెప్పాను. తలనొప్పి ఉందా అంటే కొంచెం ఉందన్నాడు. గొంతు పెరిగినట్టుంది, క్రేన్‌వాళ్ళు నలుగురూ కళ్ళు తెరిచి నావైపు చిరాగ్గా చూశారు. కుర్రాడు చివరిదాకా విన్నాడు.

"నిజమే అన్నా. గానీ మాకూ ఎనిమిదే నడుత్తంది. అమ్మనడగాల," అన్నాడు.

ఇప్పుడే ఫోన్ చేసి అడగమన్నాను. తన వరస దగ్గరికొచ్చిందని, అయ్యాక చేస్తానని, వీపు గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

అటెండరు నా పేరు పిలిచాడు. నర్సు పట్టీ కట్టి, మీట నొక్కి, అంకె చూసి, ఇప్పటిదాకా మాట్లాడుతున్నట్టున్నారు, పది నిమిషాలు ఊరికే కూర్చుని రండి అంది. అక్కర్లేదన్నాను. మిషను కాగితం బయటికి నెట్టింది. నూట యాభై రెండు, తొంభై ఎనిమిది.